ముందు బ్రేకు

బుధవారం

నా బైకు షోకు తీరిపోయిందని బాపు ఇంట్లో అందరికీ చెప్పేశాడు. బండి మూడు వారాలుగా రేకుల కింద కదలకుండా ఉంటే ఆయనకు అర్థమైంది అంతే. ముందు బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయని, ఇంత పెద్ద బండికి ఈ చుట్టుపక్కల షోరూమే లేదని, సికింద్రాబాద్ వాళ్లేమో "సామాను రాలే మేడమ్" అంటూ తిప్పుతున్నారని ఎన్నిసార్లు చెప్పాను. అన్నీ సాకులుగానే విన్నాడు.

సాయంత్రం ఎయిర్‌పోర్టు డ్యూటీ నుంచి వచ్చేసరికి, బండి కొనడానికి బాపు పిలిపించిన పాల్మాకుల ఊరాయన దాని మీద కూర్చొని ఉన్నాడు. హెల్మెట్ లేదు. ఇంజన్ నడుస్తోంది.

"దిగు అన్నా, ముందు బ్రేకు పడ్తలేదు."

ఆయన నవ్వాడు. "బిడ్డకు ఇయ్య బుద్ధయితలేదు కాకా, గందుకే గిట్ల అంటుంది."

బాపు ముఖం మాడిపోయింది. "ఒక్క రౌండ్ కొట్టనియ్యి. నేను మాటిచ్చిన."

మా గేటు దాటితే వాలు. వాలు దిగితే సర్వీస్ రోడ్డు, దాని నిండా కార్గో లారీలు. చెయ్యి చాపి తాళం తిప్పి తీసేసుకున్నాను. పరాయివాళ్ల ముందు బాపు మాట కొట్టెయ్యడం నాకు ఇదే మొదలు.

"మీ బాపు ఇజ్జత్ తీసినవ్," అంది అమ్మ, అన్నం వడ్డిస్తూ. ఆ మనిషికి ఏమైనా అయ్యుంటే అని ఎవరూ అనలేదు. బాపు తినకుండానే పడుకున్నాడు. అది మాత్రం గుచ్చుతోంది.

ప్యాడ్లు వచ్చేదాకా బస్సులో పోతాను. బండి మాత్రం అమ్మను.