వెనక సీట్లో పెళ్ళిచూపులు

కాకినాడ,
జనవరి 5

ప్రియమైన అరుంధతికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం ఫోటో అందింది. ఫోన్లో మాట్లాడితే పక్క వాటా వాళ్ళు వింటారని కాగితం మీద రాసి, దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపే మనిషివి లోకంలో నువ్వొక్కదానివే. అయినా నాకిదే బాగుంది. ఫోన్లో అయితే ఊ, సరే, ఉంటాను తప్ప నీ నోట్లోంచి ముత్యం రాలదు.

ఇక విషయానికొస్తాను. మా అమ్ముకి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు విశాల్. దోహాలోనే ఇంజనీరు. వాళ్ళది సామర్లకోట. దోహాలో అతనికి పెద్దదిక్కు బాబాయి సుబ్బారావుగారు. మర్యాదస్తుడని విన్నాను. ముస్తాబై కూర్చోమంటే నా కూతురు చాప చింపుతుందని నీకు తెలుసు. మీ తెలుగు సంఘం వాళ్ళు శుక్రవారం బస్సు వేస్తున్నారటగా, పాత పల్లెలు, సముద్రం, ద్రాక్షతోటలు ఒక్కరోజులో చూపిస్తామని? ఇరుపక్షాలూ మామూలు యాత్రికుల్లా అందులో ఎక్కేయండి. కుదిరితే పెళ్ళి, కుదరకపోతే విహారయాత్ర. నలుగురి నోళ్ళలో నానక్కర్లేదు.

పిల్ల నీ దగ్గరే ఉంటోంది కాబట్టి పిల్ల తరఫు పెద్దవి నువ్వే. అన్నీ అడిగి తెలుసుకో. దాని జీవితం నీ చేతుల్లో పెడుతున్నాను.

నీ అక్క

*

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్, దోహా
జనవరి 7

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. సంబంధం మంచిదే కావచ్చు, నన్నెందుకు ముందు నిలబెడుతున్నావు?

ఇంట్లో పెళ్ళిచూపులు కుదరవన్నది నిజమే. ఈ విల్లాని ఓనరు ప్లైవుడ్డు గోడలతో నాలుగు ముక్కలు చేశాడు. నేను దగ్గితే అవతల నుంచి కరీంనగర్ నజియా "అక్కా, అల్లం చాయ్ తాగుండ్రి" అంటుంది. మంచి పిల్లే, చెవులే మరీ మంచివి. ఆమె ముందు అమ్ముని పాట పాడమనలేం కదా. బస్సు ఆలోచన బాగుంది.

నా బాధ వేరు. ఆయన పోయాక నేను ఏ శుభకార్యంలోనూ ఎదురుపడలేదు. మేనత్త కూతురి పెళ్ళిలో నన్ను వంటగది దాటి రావద్దన్నారు, గుర్తుందా? ఎవరి మీదా కోపం లేదు, అలవాటైపోయింది. స్కూల్లో సైన్సు ల్యాబు చూసుకుంటూ ఇక్కడ నా బతుకు నేను బతుకుతున్నాను. కానీ అమ్ము పెళ్ళిచూపుల్లో నా మొహం ముందుండి, రేపు దానికేమైనా అయితే? ఎవరైనా ముత్తైదువను మాట్లాడనా?

నీ
అరుంధతి

*

కాకినాడ,
జనవరి 8

అరుంధతీ,

ఆ మాట ఇంకోసారి రాశావంటే నేనే విమానం ఎక్కి వచ్చి చెంప పగలగొడతాను. ఏ ముత్తైదువనూ మాట్లాడకు. నువ్వే వెళ్ళాలి. ఆ మామిడిపండు రంగు ఉప్పాడ చీర కట్టుకో. అమ్ము ఏది కట్టుకున్నా ఫర్వాలేదు.

అక్క

*

దోహా
జనవరి 11

ప్రియమైన అక్కకు,

నిన్న వెళ్ళొచ్చాం. పెళ్ళిచూపులు జరిగాయో లేదో చెప్పమంటే చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నీకేమైనా అర్థమైతే నాకు చెప్పు.

నీ కూతురు జీన్సు ప్యాంటు, నలిగిన చొక్కాతో బయల్దేరింది. నాకు మాత్రం నువ్వు చెప్పిన చీర తనే ఇస్త్రీ చేసి కట్టబెట్టింది. బస్సు దగ్గర గైడు మహబూబ్ (నిజామాబాద్ అతను) గొంతు చించుకుంటున్నాడు. "ఫ్యామిలీలు ముంగట కూసోండ్రి, బ్యాచిలర్లు ఎనకకు నడువుండ్రి, యల్లా యల్లా!" ఈ దేశం సంగతి నీకు చెప్పానుగా, తల నెరిసినా సరే, పక్కన పెళ్ళాం పిల్లలు లేకపోతే బ్యాచిలరే. పాపం సుబ్బారావుగారిని వెనక్కి తోలారు. యాభై దాటిన మనిషి, కుర్రాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. విశాల్ మాత్రం ఏదో మాయచేసి ముందే నిలబడ్డాడు.

అమ్ము పక్కన నేను కూర్చున్నాను గానీ మనసు ఒప్పలేదు. పిల్లాడు పిల్లని చూసినప్పుడల్లా మధ్యలో నా మొహం పడుతోంది. "నాకు వెనక బాగుంటుంది" అని లేచి, నా సీటు విశాల్‌కి ఇచ్చేశాను. మహబూబ్ కంగారుపడ్డాడు. "మేడం, అటు బ్యాచిలర్లు ఉంటరు కదా!" అన్నాడు. నేను వినలేదు. చిత్రమేమిటంటే అమ్ము ఒక్కసారి కూడా వద్దనలేదు. వెనక ఖాళీ ఉన్నది సుబ్బారావుగారి పక్కనే. నేను వెళ్ళేసరికి కుర్రాళ్ళు సినిమా పాటలు ఆపేసి సత్యనారాయణ వ్రతం పీటల మీద కూర్చున్నట్టు కూర్చున్నారు.

మొదట పాడుబడిన పల్లెలు చూపించారు. కప్పుల్లేని ఇళ్ళు, గుమ్మాలన్నీ సముద్రం వైపే. "గీడ చేపలు పట్టెటోళ్ళు, ముత్యాలు తీసెటోళ్ళు ఉండిరి. నీళ్ళు, కరెంటు ఉన్న దిక్కుకు పోయిండ్రు. ఇండ్లు గట్లనే నిలవడ్డయ్" అని మహబూబ్ చెబుతున్నాడు. సుబ్బారావుగారు ఒక గోడని అరచేత్తో తట్టి "ఎంత మందమో చూశారా? ఇందులో మొగుడూ పెళ్ళాం తనివితీరా దెబ్బలాడుకుని ఉంటారండీ, పక్కింటికి వినపడదు" అన్నాడు. నాకు పెద్దగా నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. పిల్ల తరఫు పెద్ద అలా నవ్వచ్చా?

సముద్రం ఒడ్డున తేరుకుని నా పని మొదలుపెట్టాను. "అబ్బాయికి కోపం ఎక్కువా?" అంటే "ఆకలేసినప్పుడు మాత్రమేనండి" అన్నాడు. "అమ్మాయికి వంట వచ్చా?" అని అడిగాడు. నిజమే చెప్పాను, రాదని.

"మీవాడికి వచ్చా?"

"వాడికీ రాదు. నాకొచ్చు."

"నాకూ వచ్చు" అన్నాను, ఎందుకన్నానో తెలీదు. తర్వాత ఇద్దరం చాలాసేపు పీతల్ని చూస్తూ ఉండిపోయాం.

సుబ్బారావుగారి భార్య పోయి ఆరేళ్ళయిందట. బర్వా అల్ బరాహా అనే కార్మికుల క్యాంపులో స్టోర్సు సూపర్వైజరు.

ఇక పిల్లల సంగతి. ఇద్దరూ చిప్సు తింటూ ఎప్పటినుంచో ఎరిగినట్టు ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళు మొట్టుకుంటున్నారు. పెళ్ళిచూపుల్లో మొట్టికాయలేమిటి? విశాల్ ఫోన్ పట్టుకుని అమ్ముని వదిలేసి మా ఇద్దరినీ ఫోటోలు తీశాడు. అంతటితో ఊరుకున్నాడా, నా దగ్గరికొచ్చి "ఆంటీ, మీదే నక్షత్రం?" అన్నాడు. పెళ్ళికూతురి పిన్ని నక్షత్రం ఏ పంచాంగంలో చూస్తారే?

ద్రాక్షతోట గురించి రాయకపోవడమే మేలు. పందిళ్ళ నిండా ఎండుపుల్లలే. "ఆకు రాలె కాలం మేడం, ఎండలకు రాండ్రి, గుత్తులు సూస్తరు" అన్నాడు మహబూబ్. జనం గొణుక్కుంటుంటే తోట వాళ్ళు పళ్ళేల్లో ద్రాక్షపళ్ళు తెచ్చిపెట్టారు. అవి వచ్చిన అట్టపెట్టె మీద నాసిక్ అని ఉంది. అందరం తిన్నాం, బాగానే ఉన్నాయి.

దిగేటప్పుడు సుబ్బారావుగారు నా సంచీ అందుకుని ఇంటి సందు మొదలుదాకా మోసుకొచ్చాడు. పిల్లాడి తరఫువాళ్ళు మన సంచీ మోస్తే అది ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా? నాకేం పాలుపోవడం లేదు.

నీ
అరుంధతి

*

కాకినాడ,
జనవరి 12

ప్రియమైన అరుంధతికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నవ్వావన్నమాట! చాలా సంతోషం.

విశాల్ సంగతి సరే. సుబ్బారావుగారు మనిషి ఎలా ఉన్నాడు? జుట్టు ఉందా? మాట నెమ్మదా? వంట వచ్చునన్నాడు కదా, ఏం వండుతాడో అడిగావా? పెద్దవాళ్ళు మంచివాళ్ళైతే పిల్లలూ మంచివాళ్ళే అవుతారు, అందుకని అడుగుతున్నాను. వివరంగా రాయి.

నీ అక్క

*

దోహా
జనవరి 19

ప్రియమైన అక్కకు,

నీకు మతి ఉండే రాస్తున్నావా? అల్లుడి గురించి ఒక్క ముక్క అడగకుండా వియ్యంకుడి జుట్టు గురించి అడుగుతావేమిటి? ఉంది, నెరిసింది. చాలా?

ఇక్కడ నా ప్రాణం మీదికొచ్చింది. అమ్ము ఈ సంబంధం వద్దంటోంది. ఎందుకే అంటే "అబ్బాయి మంచోడే పిన్నీ, కానీ వద్దు" అని యాపిల్ కొరుక్కుంటూ వెళ్ళిపోయింది. ఏడుపూ లేదు, సిగ్గూ లేదు. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. అనుకున్నంతా అయింది అక్కా. వెనక కూర్చున్నా నా నీడ తగలనే తగిలింది. నువ్వు చెంప పగలగొట్టినా సరే, నాకలాగే అనిపిస్తోంది.

ఇప్పుడు ఆ పెద్దమనిషికి ఏ మొహంతో చెప్పను? మెసేజ్ పెడతానంటే అమ్ము ఒప్పుకోవడం లేదు. "ఫోన్లో బాగోదు పిన్నీ, మర్యాదగా నేరుగా కలిసి చెప్పు" అంటోంది. మర్యాద గురించి దీని దగ్గర నేర్చుకునే రోజులొచ్చాయి. రేపు సాయంత్రం ఇక్కడి కరక్ చాయ్ కొట్టు దగ్గర కలుస్తానన్నాను. ఆయన కూడా ఏదో చెప్పాలట, గొంతు నీరసంగా ఉంది. నాకు భయంగా ఉంది.

నీ
అరుంధతి

*

కాకినాడ,
ఫిబ్రవరి 2

ప్రియమైన అరుంధతికి,

చాయ్ కొట్టు దగ్గర ఏమైందో రాయవేం? ఫోన్ ఎత్తవు. అమ్ముని అడిగితే "పిన్ని నాతో మాట్లాడటం లేదమ్మా" అని ఏడుస్తోంది. ఏం జరుగుతోందో నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. తిట్టాలనుకుంటే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు తల్లీ.

అక్క

*

దోహా
మార్చి 9

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరాలన్నీ అందాయి. కోపం తగ్గేదాకా రాయకూడదనుకున్నాను. పూర్తిగా తగ్గలేదు గానీ రాస్తున్నాను.

ఆ సాయంత్రం ఇద్దరం కప్పులు పట్టుకుని ఒకళ్ళకొకళ్ళు క్షమాపణలు చెప్పుకున్నాం. నేను "మా పిల్ల వద్దంటోందండీ" అనే లోపే ఆయన "మావాడు వద్దంటున్నాడండీ, మీరేమీ అనుకోకండి" అన్నాడు. ఫోన్లో చెబుదామనుకుంటే విశాల్ ఒప్పుకోలేదట, "బాబాయ్, ఫోన్లో బాగోదు, నేరుగా కలిసి చెప్పు" అన్నాడట. ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. అక్కడే అమ్ముకి ఫోన్ చేసి గట్టిగా అడిగితే బయటపడింది. అమ్మూ విశాలూ ఒకే ఆఫీసు, వాళ్ళ మధ్య ఏమీ లేదు. పథకం వాళ్ళది, ఆశీస్సులు నీవి. చూపులు మా ఇద్దరికీ. ఆ సంగతి తెలియనిది మా ఇద్దరికే.

సుబ్బారావుగారు చెవులదాకా ఎర్రబడి "నా ప్రమేయం లేదండీ, ఒట్టు" అన్నాడు. కప్పు అక్కడే పెట్టేసి ఇంటికొచ్చేశాను. బాత్రూంలో పంపు తిప్పి ఏడ్చాను. గోడ అవతల నుంచి నజియా "అక్కా, నల్లా బంద్ చేసి ఏడ్వుండ్రి, నీళ్ళు ఖరాబైతున్నయ్. నేను ఎవ్వరికీ చెప్పను" అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఎందుకు ఏడ్చానో నీకు తెలియాలి. పెళ్ళి ఊసు ఎత్తినందుకు కాదు. చిన్నపిల్లకి మాయమాటలు చెప్పి మందు తాగించినట్టు నన్ను బస్సెక్కించారు. అడిగితే కాదంటానని మీకు భయం. కాదనేదాన్నేమో కూడా. కానీ ఆ కాదనడం నాది కదా అక్కా? పైగా నా వల్లే పిల్ల సంబంధం చెడిందని కుమిలిపోతుంటే, నీ కూతురు యాపిల్ తింటూ చూసింది. దాన్ని అంత తేలిగ్గా వదలను. ఇంకో వారం గిన్నెలు అదే తోముతుంది.

ఆయన మర్నాడే మెసేజ్ పెట్టాడు. "మన పిల్లల తరఫున క్షమించండి. ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను" అని. అన్నట్టే మళ్ళీ రాయలేదు. రెండు వారాలు చూసి నేనే రాశాను, చాయ్ చల్లారిపోయింది, ఆ రోజు తాగనేలేదు, మళ్ళీ తాగుదామా అని. అప్పటినుంచి శుక్రవారాలు కలుస్తున్నాం. ఎవరికీ చెప్పలేదు. ఆయన వాళ్ళావిడ గురించి చెబుతాడు, నేను మీ మరిది గురించి చెబుతాను. పోయినవాళ్ళ మాట ఎత్తితే మొహం ముడుచుకోని మనిషిని ఇన్నేళ్ళకి చూశాను.

నా భయం కూడా చెప్పాను. శుభకార్యాల్లో నన్ను ఎదురు రానివ్వరని, ఆ ముద్ర నాకూ ఒంట్లో దిగిపోయిందని. ఆయన సర్దిచెప్పబోలేదు. "నన్ను మాత్రం అందరూ పీటల దాకా పిలుస్తారండీ, నా భార్య పోయిందిగా, మరి నాకెందుకు అంటదో!" అన్నాడు.

పోయిన శుక్రవారం "మీకు ఏం కావాలండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నువ్వు కూడా అడగలేదు, ఏర్పాట్లు చేశావు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూర బాగోలేదని నాతో పోట్లాడే మనిషి కావాలన్నాను. "పోట్లాట నాకు అంత బాగా రాదు, నేర్చుకుంటాను" అన్నాడు.

నిన్న సరే అన్నాను. వైశాఖంలో మంచిరోజు చూడు. నువ్వు ముందుండి జరిపించాలి, నేనూ ముందే ఉంటాను. సరేనన్న మాట మొదట ఆయనకి చెప్పాను, తర్వాత నీకు. పెద్దదానివని నీకు ముందు చెప్పాల్సిందేమో గానీ, ఈ ఒక్క కబురూ నా ఇష్టప్రకారం చెప్పుకోవాలనిపించింది.

నీ చెల్లెలు
అరుంధతి