సిరా ఎరుగని పెన్ను

ఖరగ్‌పూర్,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన సుగుణప్పకు,

నీ చెల్లెలు కరుణ వందనాలు. అప్పా, ఎలా ఉన్నావు? మోకాలి నొప్పి తగ్గిందా? బావకి దగ్గు ఎలా ఉంది? పెద్దాడు బడికి సరిగ్గా పోతున్నాడా, చిన్నదానికి పళ్ళు వచ్చాయా? నేనిక్కడ బాగానే ఉన్నాను. మిమ్మల్నందరినీ చల్లగా చూడమని రోజూ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను.

ఎప్పుడూ వచ్చే కార్డుకి బదులు కవరు వచ్చిందని కంగారు పడకు. చెడ్డ కబురేమీ లేదు. కార్డు మీద రాస్తే పోస్టుమానుతో మొదలుపెట్టి వీధిలో కూర్చున్నవాళ్ళందరూ చదువుతారు. ఇది నువ్వొక్కర్తివే చదవాల్సింది. బావా, మీరుగాని కవరు విప్పేసి ఉంటే ఇక్కడితో ఆపి అప్పకిచ్చేయండి. ఏమీ అనుకోకండి.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. ఈ ఊరి మట్టి ఎర్రమట్టి. తెల్ల బూట్లు వేసుకుని హాస్టలు నుంచి ఆసుపత్రికి నడిచేసరికి అవి ఇటుకరాయి రంగుకి తిరుగుతాయి. మెస్సులో అన్నిటికీ ఆవనూనే. మొదట్లో ఆ వాసనకి ముద్ద దిగేది కాదు, ఇప్పుడు అలవాటైపోయింది. బియ్యం రేషను కాబట్టి రాత్రిపూట రొట్టెలే పెడతారు. బాగానే తింటున్నానప్పా, నిజంగానే. నర్సు ట్రైనింగు రెండో ఏడాదిలోకి వచ్చినందుకు నా టోపీకి నీలం గీత కుట్టారు. సాయంత్రం మద్రాసు మెయిలు కూత వినిపించినప్పుడు మాత్రం, ఇది మన చీపురుపల్లి మీదుగానే పోతుంది కదా అనుకుంటాను. అంతకంటే దిగులేమీ లేదు.

ఒకసారి ఈ కాగితాన్ని వెలుతురుకి పట్టి అక్షరాలు చూడు. నిలువు గీత సన్నగా, వంపు దగ్గర లావుగా, మళ్ళీ సన్నగా ఎలా వచ్చిందో చూశావా? నా దగ్గర ఇప్పుడొక పెన్ను ఉంది. మన మిషను బడి పెద్ద పంతులుగారి జేబులో కూడా ఇలాంటిది చూసి ఉండవు. అది నాకెలా వచ్చిందో చెప్పాలి. అది చెబితేనేగాని నేను చెప్పాల్సిన అసలు మాట చెప్పలేను.

మొన్న వేసవిలో మా వార్డుకి పక్షవాతంతో ఒక ముసలాయన వచ్చాడు. రైల్లో గార్డుగా చేసి రిటైరయ్యాడట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, అన్నం పెడితే తోసేసేవాడు. మేట్రనమ్మ నన్ను పిలిచి, "మీ భాష మనిషి. నువ్వు చూసుకో" అంది. నేను వెళ్ళి, "తాతగారూ, మీదే ఊరు?" అని అడిగాను.

"సీపురుపల్లి" అన్నాడు గోడకేసే చూస్తూ.

మన చీపురుపల్లే! "మాది అక్కడికి మూడు మైళ్ళే తాతగారూ" అన్నాను. అప్పుడు తిరిగి చూశాడు. "ఓలమ్మా! ఎవులమ్మాయివే నువ్వు? ఇన్నాళ్ళూ ఏటయిపోనావు?" అన్నాడు. ఆ మాట విని ఎంతకాలమైందో! ఆ పూట ఆయన అన్నం తిన్నాడు. ఆయన పేరు సింహాద్రి గారు.

మర్నాడు ఆయన భార్య పైడమ్మ గారు ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. లోపల దూది పరిచి, దాని మీద పద్నాలుగు ఇంకు పెన్నులు. నల్లవి, పచ్చవి, పొట్టివి, పొడుగువి. ఉద్యోగం చేసిన రోజులన్నీ ఊరూరా ఏరి తెచ్చుకున్నవట. "కడుపున పుట్టినోల్నయినా ఇంత ముద్దు సెయ్యనేదమ్మా" అని ఆవిడ నవ్వింది.

ఆయన నవ్వలేదు. "సిరా ఎండిపోతే పాళీ సచ్చిపోద్దమ్మా" అన్నాడు. "నా సెయ్యి ఎలాగూ పోనాది. దినానికి రెండు పెన్నులు తీసి నాలుగు ముక్కలు రాసి ఎట్టు. ఈటి పేనమైనా ఉండనీ."

అలా మొదలైంది. డ్యూటీ దిగాక అరగంట ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రాసేదాన్ని. ఏం రాయాలో తెలియక కీర్తనల పల్లవులు, మన పొలాల పేర్లు, మందుల పేర్లు రాసేదాన్ని. ఒక్కో పెన్నుది ఒక్కో తీరు. ఒకటి కోడి గీరినట్టు కాగితాన్ని గీరుతుంది. ఒకటి నాలుగు మాటలు రాసేలోగా వేళ్ళన్నీ నీలం చేస్తుంది. ఇంకొకటి గట్టిగా పట్టుకుంటే అలిగి ఆగిపోతుంది, తేలిగ్గా పట్టుకుంటే సాగుతుంది. ఆ అరగంట కోసం నేను పొద్దున్నించీ ఎదురుచూసేదాన్ని. పెన్నుతో రాయడంలో ఇంత సుఖం ఉందని నాకు అప్పటిదాకా తెలియదప్పా.

డబ్బా అడుగున ఒక పెన్ను మాత్రం విడిగా పల్చటి గుడ్డలో చుట్టి ఉండేది. ముదురు ఎరుపు, అందులో నల్లటి అలలు. కిటికీ దగ్గర తిప్పితే లోపల దానిమ్మగింజలు కదిలినట్టుండేది. బంగారు పాళీ. పక్కన సిరా నింపే చిన్న మీట. దాన్ని తాకినప్పుడల్లా, ఇది నాదైతే ఎంత బాగుణ్ణు అనిపించేది. ఆ ఆశకి సిగ్గు కూడా వేసేది. పాళీకి సిరా మరకే లేదు. "దీంతో ఎప్పుడూ రాయలేదా తాతగారూ?" అని అడిగాను.

"నేదమ్మా. పదకొండేళ్ళయినాది. కలకత్తాలో ఒక పాత కొట్టు మూసీసినప్పుడు అద్దాల బీరువాలో ఇదొక్కటే మిగిలినాది. ఇలాటియి ఇంక సెయ్యరన్నాడు కొట్టాయన. మంచి రోజొస్తాది, ఏదో మంచి మాట రాద్దునని దాసినాను. దాసినాను, దాసినాను... సెయ్యే పోనాది."

అలా అని మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడు. మాకు పుండు కడగడం, కట్టు కట్టడం నేర్పారుగాని అలాంటప్పుడు ఏం చెయ్యాలో నేర్పలేదు. దుప్పటి సర్ది, "ఎడం చెయ్యి ఉంది కదా" అన్నాను.

"ఎడం సేత్తో ఏటి రాస్తాం? ముగ్గేసినట్టు వస్తాది."

"ముగ్గే వెయ్యండి" అన్నాను. ఉన్నవాటిలో మొండిదాన్ని ఆయన ఎడం చేతికిచ్చి సున్నాలు చుట్టించాను. మొదటి రోజు విసుక్కుని పెన్ను విసిరేశాడు. రెండో రోజు తనే అడిగాడు. మూడు వారాలకి ‘సింహాద్రి’ అని రాశాడు. మూడక్షరాలూ మూడు దిక్కులకి ఒరిగి ఉన్నాయి. పైడమ్మ గారు ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఆయన నావైపు చూసి, "ఆ ఎర్రదాన్ని తియ్యి. సిరా పొయ్యి" అన్నాడు.

నేను మీట పైకి లేపానో లేదో లోపల టప్పుమని ఏదో విరిగింది. పదకొండేళ్ళు దాచుకున్నది నా చేతిలో పాడైపోయింది! ఏడుపు మొహం పెట్టాను. ఆయన మాత్రం సగం నోటితో నవ్వాడు. "నోపల రబ్బరు సంచీ ముసిల్దయిపోనాది, నాలాగే. బజార్లో బాగుసేస్తారు, అట్టుకెళ్ళు" అన్నాడు. వానలో తడుస్తూ పోయి ఇచ్చొచ్చాను. నాలుగు రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. అయిదో రోజు కొత్త సంచీ వేసి ఇచ్చారు. ఈసారి మీట లేపి వదిలితే బుడబుడమని సిరా పీల్చుకుంది.

"ఏదైనా మంచి మాట రాయమ్మా" అన్నాడు ఆయన.

పాళీ కాగితం మీద పెట్టాను. చప్పుడే లేదు. గచ్చు మీద నూనె జారినట్టు జారింది. నేనేదో వాక్యం రాద్దామనుకున్నాను. చెయ్యి ‘అప్పా’ అని రాసింది. ఆ అక్షరాలు చూసి ఆగిపోయాను. అవి నా అక్షరాలు కావు, నీవి. ‘ప’ కింద ఒత్తుకి చివర చిన్న కొక్కెం పెట్టేది నువ్వు. నాకు రాయడం నేర్పింది నువ్వే కదా! ఈ ఏడాదంతా హడావిడిగా కార్డుల మీద బరికి బరికి నీ రాత పోగొట్టుకున్నాను. నెమ్మదిగా రాయించే పెన్ను దొరకగానే అది మళ్ళీ బయటికి వచ్చింది. దాని వెనకాలే, ఆ రోజు నేను నీతో అన్న మాట కూడా వచ్చింది.

నువ్వు మరిచిపోయి ఉండవు. నేను ప్రయాణమయ్యే రోజు పొద్దున్న, ఇంకో ఏడాది ఆగమని నువ్వన్నావు. చిన్నది కడుపులో ఉంది, తోడుంటావని అడిగావు. నేను, "నీలాగ ఈ పొయ్యికాడే మగ్గిపొమ్మంటావేటి?" అన్నాను. నువ్వొక్క మాట తిరిగి అనలేదు. నా పెట్టె సర్దావు, దారికి పులిహోర కట్టావు, స్టేషనుకి రాలేదు. అప్పట్నుంచీ బావే కార్డులు రాస్తున్నారు. ‘మీ అప్ప కులాసా’ అని ఆయన రాస్తారు. నీ చేతి ముక్క ఒక్కటీ లేదు.

‘అప్పా’ అని రాసిన ఆ రోజు నేను స్టూలు మీదే ఏడ్చాను. తాతగారు అడిగితే సంగతి చెప్పాను. "మరి రాసీ. నాకు సూపించక్కర్నేదు" అన్నాడు. రాశాను, చింపాను. మర్నాడూ అంతే. మూడో రోజు చింపుతుంటే ఆయనకి కోపమొచ్చింది. "నువ్వూ నాలాగ దాస్తావేటి? సెయ్యి ఉన్నప్పుడు రాయవేటే గుంటా!" అని గట్టిగా కేకేశాడు. వార్డంతా మావైపు చూసింది.

అయినా రాయలేకపోయాను. ఇంతలో ఆయన్ని ఇంటికి పంపేశారు. వెళ్ళేముందు పెద్ద డాక్టరుగారు ఆ ఎర్ర పెన్ను చూసి ముచ్చటపడి, తనకి ఇమ్మని అడిగారు. తాతగారు ఎడం చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టి, "సెమించండి బాబూ, దాంతో పనుంది" అన్నాడు. తాతగారు, పైడమ్మ గారు డబ్బా మూసి ఇంటికి తీసుకుపోయారు. రోగుల దగ్గర మేమేమీ పుచ్చుకోకూడదని నియమం. అది మంచి నియమమే. కాని నెలరోజులు నా వేళ్ళు ఆ పెన్ను కోసం వెతుక్కున్నాయి. నీతో కాబట్టి చెబుతున్నాను.

మొన్న ఆదివారం పైడమ్మ గారు హాస్టలుకి వచ్చి, ఒక చిన్న పొట్లాన్ని సరాసరి మేట్రనమ్మ చేతిలో పెట్టింది. నన్ను పిలిచారు. పొట్లంలో ఎర్ర పెన్ను, ఒక చీటీ. మేట్రనమ్మకి తెలుగు రాదు, నన్నే చదవమంది. అక్షరాలు ఇంకా ఒరిగే ఉన్నాయిగాని వరుస తప్పలేదు. ‘అమ్మా, ఇది బహుమానం కాదు. నేను దీనికి రాసే పని చూపించలేకపోయాను. నువ్వు చూపించు. ఇది ఎడం చేత్తో రాశాను.’

నేను ఇంగ్లీషులో చెప్పాను. మేట్రనమ్మ చీటీ తీసుకుని చాలాసేపు చూసింది. "ఇదంతా అతను ఎడం చేత్తో రాశాడా?" అంది. అవునన్నాను. "ఇప్పుడతను మన రోగి కాదు" అని పెన్ను నా అరచేతిలో పెట్టి, "యూనిఫారానికి మాత్రం సిరా అంటకూడదు" అంది.

ఇదప్పా సంగతి. వారం రోజులుగా రోజూ పొద్దున్న దీన్ని తీసి, తుడిచి, ఒక పేజీ రాసి పెడుతున్నాను. ఈ రోజు చింపడం లేదు.

నేనన్నది తప్పు. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నువ్వు శ్రీకాకుళం బోర్డింగులో ఎనిమిది చదువుతున్నావు. పుస్తకాలు పెట్టెలో పెట్టేసి వచ్చి నన్ను పెంచావు. ఆ పొయ్యి దగ్గర నువ్వు నాకోసమే కూర్చున్నావు. అది తెలిసే ఆ మాట అన్నాను. ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను. తెలియక అన్నానని రాస్తే అబద్ధమవుతుంది. నన్ను క్షమించు. పురుటికి నీ పక్కన లేను, దానికీ క్షమించు.

నువ్వు వెంటనే క్షమించాలని లేదు. కోపం ఉంటే ఉండనీ. నాకు పది రోజులు సెలవిచ్చారు. వచ్చే నెల రెండో శనివారం పాసింజరులో వస్తున్నాను. వచ్చేటప్పుడు ఏం తేవాలో రాయి. నాకోసం చోడిపిండి కొంచెం ఆడించి ఉంచు, ఇక్కడ అంబలి మొహం చూడలేదు. బావది పాత పొందూరు పంచె చినిగినది ఉంటే ఒక ముక్క దాచు. పాళీ తుడవడానికి అంత మెత్తటి గుడ్డ ఇక్కడ దొరకలేదు.

బావకి, వాళ్ళమ్మగారికి నా వందనాలు. సంఘంలో పెద్దలందరికీ అడిగానని చెప్పు. పిల్లలిద్దరికీ ముద్దులు. చిన్నదాన్ని ఎత్తుకోవాలని ఉంది. అది కొత్త మనిషినని ఏడుస్తుందేమో! నా పేరు ప్రార్థనలో వదిలెయ్యకు.

అప్పా, ఆ పొద్దున్న నువ్వు నన్ను ఏమీ అనలేదు. అనాలనుకున్నదంతా నా ఎదురుగా కూర్చుని అను. ఎంతసేపైనా సరే, మధ్యలో మాట్లాడను. నేను వస్తున్నది అందుకే.

నీ చేతిలో పెరిగిన,
కరుణ