వైరుకు చుట్టిన నూలు

అక్క సుందరవల్లికి,

తిరుత్తణి నుంచి తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరమూ క్షేమం. అక్కడ నువ్వు, సింధూర, పసిబిడ్డ క్షేమమని తలుస్తాను. మా క్షేమం అలవాటు కొద్దీ రాశాను, నమ్మవద్దు.

అల్లుడింట్లో ఫోనులో గొంతు విప్పలేక ఉత్తరం రాశానన్నావు. మంచి పని చేశావు. నేను చెప్పాల్సింది కూడా నోటితో చెప్పేది కాదు. తమిళ బడిలో చదివిన సింధూరకు తెలుగు చదవటం రాదు కాబట్టి కవరు తను విప్పినా భయం లేదు.

అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. వద్దన్నా కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతూనే ఉంది. బావ తింటున్నాడా అని అడిగావు. తినటం లేదు. అమ్మ ముద్ద కలిపి చేతిలో పెడితే నాలుగు మెతుకులు మింగి లేచిపోతున్నాడు.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన మాట. "ఆ చావు నిజంగా మీ బావ చేతి తప్పేనా? అయితే ఆయన ముఖం చూడలేను, సూరత్‌లోనే ఉండిపోతాను" అన్నావు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

చనిపోయిన మోహన్‌రాజ్ కడంబత్తూరు రైసుమిల్లు వాళ్ళబ్బాయి. సెకండ్‌హ్యాండ్‌లో ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే తలుపులు, పొట్ట నేలకు ఆనుతుంది, మన ఊరి స్పీడ్‌బ్రేకరు చూస్తే దానికి ఏడుపే. స్పీకర్లు, ఆంప్లిఫయరు, రంగు లైట్లు, రిమోట్ తాళం అన్నీ మన అంగట్లోనే వేయించుకున్నాడు. బావ రెండు రోజులు కావడి మొక్కు ఉపవాసంతోనే పని చేశాడు. బ్యాటరీ నుంచి లావు వైరు ఒకటి ఇంజన్ వెనక రేకు రంధ్రంలోంచి లోపలికి రావాలి. రేకు అంచు వైరును కోయకుండా రంధ్రానికి రబ్బరు వాషర్ వేస్తాం. ఒకవేళ వైరు రేకుకు తగిలినా నిప్పు పుట్టకుండా బ్యాటరీ పక్కన ఫ్యూజు పెడతాం. బావ రెండూ పెట్టాడు. నేను నా కళ్ళతో చూశాను.

మర్నాడు ఆడికృత్తిక పండుగ. బావ కావడి ఎత్తుకుని కొండకు వెళ్ళాడు. ఏడింటికి మోహన్‌రాజ్ ఇంకా పెద్ద ఆంప్లిఫయరు పట్టుకొచ్చాడు.

"అన్నా, ఇది మార్చు. తొమ్మిదికి రాహుకాలం పట్టేస్తుంది. ఆలోపల కొండ కింద బండికి పూజ పెట్టించాల."

"దీనికి ఇంకా లావు వైరు లాగాల. ఇంత తొందరలో యాడ అయితుంది?"

"నీ చేత కాని పని యాడుందన్నా!"

ఆ మాటకు పొంగిపోయాను అక్కా.

కొత్త వైరు వాషర్‌లో దూరలేదు. వాషర్ పీకి పారేశాను. దానికి సరిపడే ఫ్యూజు అంగట్లో లేదు. సోమవారం రా, వేస్తానని చెప్పి నేరుగా కలిపేశాను. రేకు అంచు తగలకుండా ఏం చేశానో తెలుసా? మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి, దేనికైనా నూలు చుట్టటమే మనకు తెలిసింది. అమ్మ చుట్టిన కండె ఒకటి బల్ల మీద ఉంటే ఆ నూలు బిగించి చుట్టి, పైన టేపు వేశాను. చూడటానికి ముచ్చటగా ఉంది. టైర్ల కింద నిమ్మకాయలు నేనే పెట్టి పంపించాను.

పూజ చేయించుకుని ఇంటికి పోతుంటే తిరువాలంగాడు దాటాక కారు అంటుకుంది. తాళం పట్టేసి తలుపులు తెరుచుకోలేదు. పాట హోరులో అతని కేకలు మొదట ఎవరికీ వినిపించలేదట.

సాయంత్రం పోలీసులు వచ్చి, రేకు రంధ్రానికి వాషర్ లేదని చెప్పి, వైరింగ్ ఎవరు చేశారని అడిగారు. బావ అప్పుడే కొండ దిగి వచ్చాడు, ఒంటి నిండా విభూతి.

"నేనే చేసినాను సార్. ఉపాసంలో కండ్లు తిరగతా ఉండె. వాషర్ ఏసినానో లేదో గ్యాపకం లేదు."

పక్కనే నిలబడి ఉన్నాను.

వాళ్ళు వెళ్ళాక నాకంటే పదేళ్ళు పెద్దవాడు నా కాళ్ళ మీద పడ్డాడు. "నీ అంగడిని నాశనం చేసినాను గుణా, ఒక బిడ్డను చంపేసినాను, నన్ను మన్నించు" అని ఏడ్చాడు. నేను ఆయన్ను లేపి "పోనీలే బావా" అన్నాను. చంపింది నేను. మన్నించిందీ నేనే. ఆ రోజు నుంచి ఆయన నాకు ఎదురుపడితే తల దించుకుంటున్నాడు.

బావ మీద కేసు పెట్టారు, ఇప్పుడు బెయిలు మీద ఉన్నాడు. ఇరవై ఒకటో తేదీ కోర్టులో తప్పు ఒప్పుకుంటానని వకీలుకు చెప్పేశాడు. నిజం చెబుదామని రెండుసార్లు స్టేషన్ దాకా వెళ్ళాను. ఎదురుగా టీ తాగి తిరిగి వచ్చాను. నేను పిరికివాణ్ణి అక్కా.

బావ చేతి తప్పు ఏమీ లేదు. నువ్వు బయల్దేరి రా. ఈ ఉత్తరం తెచ్చి వకీలు చేతిలో పెట్టు. ఇది నీకు చేరేలోపు నేనే ఫోన్ చేసి, చింపేయమని ఏడుస్తాను. నా పిల్లల మీద ఒట్టు పెడతాను. చింపవద్దు.

ఇట్లు,
నీ తోడబుట్టినవాడు,
పచ్చయ్యప్ప కొడుకు గుణశేఖర్
(వకీలుకు పనికొస్తుందని నాన్న పేరుతో సహా సంతకం చేశాను)