నలభై ఏడో ప్రశ్న కాగితం

డులూత్,
మార్చి 20, గురువారం.

చిరంజీవి అర్నేకి,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా కులాసా. రూడీ ఎడమ మోకాలు ఒక్కటే మాట వినడం లేదు. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే గుడిసెను, తీసేయాల్సిన గడువుకు ఒక్కరోజు ముందు లాక్కొచ్చాడు. ఈ చలికాలమంతా అందులో కూర్చుని పట్టింది మూడు చేపలు, తాగిన కాఫీకి మాత్రం అంతు లేదు. నువ్వూ మరదలు నాడీన్ క్షేమమని తలుస్తాను. ఆమె దగ్గు తగ్గిందో లేదో నీ ఉత్తరంలో లేదు. నువ్వు రాయని సంగతులే నాకు ముందు కనిపిస్తాయి, చిన్నప్పటి నుంచీ అంతే.

ఈమెయిల్ పంపక ఈ కాగితాల గోలేమిటని అడిగావు. ఆఫీసు కంప్యూటర్లో నేను రాసేది ఎవరెవరు చదువుతారో నాకు తెలియదు. ఇంట్లో ఉన్నది నువ్వు అమర్చినది, కాబట్టి దాన్ని అసలే నమ్మను. నవ్వుకో. ఉత్తరమైతే అంటించిన చోట విప్పి మళ్ళీ అంటిస్తే తెలిసిపోతుంది. నీ కిందటి ఉత్తరం మూల కాస్త లేచి ఉంది. తడికి లేచిందని రూడీ అన్నాడు. అయి ఉండొచ్చు.

మే నెలలో మన పాత బడిలో ఇద్దరం కలిసి మన పనుల గురించి పిల్లలతో మాట్లాడాలి కదా, వాళ్ళ ప్రశ్నలంటూ నువ్వు పోయిన నెల పంపిన అయిదింటికీ నా వంతు జవాబులు రాస్తున్నాను.

మొదటిది, బొమ్మ గీసేవాళ్ళే భవనం కడతారా అని. దీన్ని నన్ను ముప్పై అయిదేళ్ళుగా పెళ్ళివిందుల్లో, పళ్ళ డాక్టరు కుర్చీలో కూడా అడిగారు. కట్టం. మేం ఆర్కిటెక్టులం గీస్తాం, ఇంజనీరు బరువులు లెక్కగడతాడు, మేస్త్రీలు కడతారు. తేడా వస్తే మాత్రం అందరి వేళ్ళూ మావైపే. మీ కంప్యూటర్ చిప్పులదీ అదే కథ అని రాశావు, మీరు ఊహించినదాన్ని మరెవరో, మరో దేశంలో తయారుచేస్తారట. అయితే ఇద్దరం కూడబలుక్కుని ఒకే జవాబు చెప్పేద్దాం.

రెండోది నీది. కంప్యూటర్లో మెమరీనంతా ఒకేచోట పెట్టకుండా చిన్నదీ పెద్దదీ అని ఎందుకు విడగొడతారని. నువ్వు రెండు పేజీలు రాశావు. అర్నే, పిల్లలు గురక పెడతారు. అమ్మ వంటిల్లు చెప్పు, చాలు. ఉప్పు, కాఫీ పొడి పొయ్యి పక్క అరలో. బంగాళాదుంపలు నేలమాళిగలో. చేతికందే అర చిన్నగానే ఉంటుంది. పెద్దది చేశావా, సగం చేతికందకుండా పోతుంది. ఉప్పు కోసం ప్రతిసారీ మెట్లు దిగితే వంట ఎప్పటికవుతుంది? నీ రెండు పేజీల్లో ఇంతకన్నా ఉన్నదేమీ నాకు కనబడలేదు.

మూడోది, లెక్కలు బాగా రావాలా అని. రావాలి. అయితే ఏ లెక్క మనది కాదో, దాన్ని ఎవరికి పంపాలో తెలియడం అంతకన్నా ముఖ్యం. ఈ మాట ఎందుకంటున్నానో ఇంకాస్త చదివితే తెలుస్తుంది.

అయిదోది, ఇద్దరిలో ఎవరి పని కష్టం అని. నాదే. మీ చిప్పుల మీద మంచు పడదు.

నాలుగోది దాటేశానని నువ్వు ఈపాటికి కనిపెట్టి ఉంటావు. "మీరు చేసింది తప్పని తెలిస్తే ముందు ఎవరికి చెప్తారు?" పదమూడేళ్ళ పిల్లలు ఇలాంటివి అడుగుతారా? లిఫ్టులో ఇరుక్కుంటే ఏం చేయాలని అడుగుతారు. ఈ ప్రశ్నను లోవెల్ బడికి పంపి జాబితాలో దూర్చాడని మొదట అనుకున్నాను. తరవాత నీమీద అనుమానం వచ్చింది. నవంబరు విందులో, మీ చిప్పులో తప్పు దొరికితే ఏం చేస్తారని నేను నిన్ను రెండుసార్లు అడిగాను. రెండోసారి అడిగినప్పుడు నువ్వు ఫోర్కు కింద పెట్టి నావైపు చూశావు. ఆ చూపు నాకు గుర్తుంది.

లోవెల్ బ్రాటెన్ నీకు తెలుసు, ఆఫీసులో నా భాగస్వామి. ఇరవై ఆరేళ్ళప్పుడు నా దగ్గర గీతలు గీయడానికి చేరాడు, ఇప్పుడు బోర్డు మీద నా పేరు పక్కన అతని పేరు ఉంది. ఫిబ్రవరి నుంచి అతని వాలకం నాకు నచ్చలేదు. పాత పటాల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. మధ్యాహ్నం బయటికి వెళ్ళి తినే మనిషి, బల్ల దగ్గరే మాంసం కూరిన రొట్టె కొరుకుతూ ఏవో కాగితాలు తిరగేసేవాడు. నేను వెళ్తే వాటిమీద టోపీ పెట్టేవాడు! మేం ఎప్పుడో గీసిన ఆల్డర్ బే లైబ్రరీ పటాలు చుట్టి పెట్టిన గొట్టానికీ దాని మూతకీ కలిపి సన్నగా పెన్సిల్ గీత గీసి పెట్టాను. మర్నాటికి మూత మీది గీత పక్కకి తిరిగి ఉంది. జూన్‌లో నేను పని నుంచి తప్పుకునే లోపలే నన్ను వీధిలోకి లాగుతాడని తేల్చేసుకున్నాను. రూడీతో అంటే, "ఏమే, అతను పని చేసుకుంటున్నా దొంగేనా నీకు?" అన్నాడు. ఆ తరవాత నెమ్మదిగా, "వంటింటి సొరుగులో తువ్వాలు తీసుకోబోతే చెయ్యి తోసేశావు. అందులో ఏం దాచావు?" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఆ సొరుగుకు అడ్డంగా నిలబడ్డాను. తువ్వాళ్ళ కిందే ఉంది మరి.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఆల్డర్ బే లైబ్రరీ కట్టేటప్పుడు, ఇరవై ఒక్క ఏళ్ళ కిందట, కాంట్రాక్టరు దగ్గర నుంచి రోజూ ప్రశ్న కాగితాలు వచ్చేవి. ప్రతిదానికీ ఒక నంబరు. మేం జవాబు రాసి, కింద ఉన్న రెండు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. ఒకటి, బరువుల ఇంజనీరుకు పంపాలి. రెండోది, పంపనక్కర్లేదు. నలభై ఏడో కాగితంలో ఒక మామూలు ప్రశ్న. పట్టాల మీద కదిలే పుస్తకాల అరలు కింది అంతస్తులో పెట్టాల్సినవి, లైబ్రరీవాళ్ళు పై అంతస్తులో కావాలంటున్నారు, ఏమైనా మార్చాలా అని. పై నేల చదువుకునే గదికి వేసినది, కుర్చీలకీ మనుషులకీ సరిపోయేది. ఆ అరలు నిండితే దానికి అయిదు రెట్లు బరువు. ఇది మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు.

అది మే నెల శుక్రవారం. మర్నాడే ఆ ఏటి చేపల వేటకు అనుమతి మొదలయ్యే రోజు. ఆ రోజు రెండు దాటాక ఈ రాష్ట్రంలో ఏ ఆఫీసులోనైనా కుర్చీలు తప్ప ఎవరుంటారు? ఇంజనీరుకు ఫోన్ చేశాను, కారుకు పడవ తగిలించుకుని అప్పుడే వెళ్ళిపోయాడు. నువ్వు కింద కారులో కూర్చుని హారన్ మీద హారన్ కొడుతున్నావు. నేను "మార్పు అక్కర్లేదు" అని రాసి, రెండో గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి మెట్లు దిగాను. సోమవారం చూసుకుందాం అనుకున్నాను. సోమవారం మరో ఆరు కాగితాలు వచ్చాయి.

చాలా ఏళ్ళు ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ అరలు సగం ఖాళీ. అయిదేళ్ళ కిందట పక్క ఊరి లైబ్రరీ మూసేసి, వందేళ్ళ వార్తాపత్రికలు తెచ్చి ఇక్కడ నింపారు. పోయిన అక్టోబరులో నేను ఊరికే చూద్దామని వెళ్ళాను. లైబ్రేరియన్ మార్లిస్ నాకు ఏలకుల రొట్టె పెట్టి, నవ్వుతూ పైకి తీసుకెళ్ళింది.

"ఐలీ గారూ, మా అరలకు ప్రాణం వచ్చింది, చూడండి" అంది.

ఒక అర తాళం తీసి వదిలేసింది. అది తనంతట తనే మెల్లగా గది మధ్యకు దొర్లి ఆగింది. ఆమెకు అది తమాషా. నేల మధ్యలో కుంగిందని నాకు తెలిసిపోయింది. సరిగ్గా ఆ నడిమి భాగం కిందే పిల్లల గది. బుధవారం పదిన్నరకు అక్కడ కథలు చెప్తారు.

నేను ఏం చేశానో తెలుసా? దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని, ఆఫీసుకు వచ్చి, నలభై ఏడో కాగితాన్ని ఫైల్లో నుంచి తీసి ఇంటికి తెచ్చుకున్నాను. రేపు చెబుతాను, వచ్చే వారం చెబుతాను అనుకుంటూ గడిపాను. ఇరవై రెండు బుధవారాలు గడిచాయి. ప్రతి బుధవారం పదకొండున్నర దాకా ఫోన్ మోగుతుందేమోనని బల్ల దగ్గర నుంచి లేచేదాన్ని కాను. నాకు సిగ్గుగా ఉంది తమ్ముడూ.

ఈ నెల పదో తేదీన లోవెల్ నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. అయిపోయింది అనుకున్నాను. అతని మొహం పాలిపోయి ఉంది.

"ఐలీ గారూ, ఫిబ్రవరిలో పైకప్పు కారుతోందంటే ఆల్డర్ బే వెళ్ళాను. పై నేల కుంగింది. కొలిచాను. పోయిన వారం మళ్ళీ కొలిస్తే ఇంకా కుంగింది. ఆ అరల బొమ్మ గీసింది నేనే కదా. ఇంజనీరుకు పంపమని మీరు నాకు చెప్పే ఉంటారు, నేను మర్చిపోయి ఉంటాను. ఆ ప్రశ్న కాగితం కోసం నెలరోజులుగా వెతుకుతున్నాను, దొరకలేదు. అది కూడా నేనే పారేశానేమో."

అతను టోపీ కింద దాచింది తన తప్పుకు సాక్ష్యం. నేనేమో నా తప్పుకు సాక్ష్యం వెతుకుతున్నాడని గొట్టం మీద గీతలు గీశాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అని ఊరికే అన్నారా?

అప్పుడైనా చెప్పాలి కదా. "తొందరపడకు, ముందు కాగితాలన్నీ చూద్దాం" అన్నాను. అతను నన్ను నమ్మాడు. ఆ వారం మరో బుధవారం గడిచింది. మొన్న మంగళవారం జిల్లా అధికారులకు రాసిన ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టాడు. "నా పొరపాటు వల్ల" అని మొదలైంది. "భాష సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూడండి, మీ చేత్తో దిద్దితే నాకు ధైర్యం" అన్నాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని, రెండో పేరాలో ఒక కామా చేర్చి తిరిగి ఇచ్చాను.

ఒక్క కామా, అర్నే. అతను "థ్యాంక్స్" కూడా చెప్పాడు.

ఆ సాయంత్రమే నీ తాజా ఉత్తరం వచ్చింది. మీ ప్రతి చిప్పుతోపాటు తెలిసిన తప్పుల పట్టీ ఒకటి అచ్చువేసి లోకానికంతా ఇస్తారనీ, ప్రతి తప్పుకూ నంబరు, ఎవరికి దెబ్బ, తప్పించుకునే దారి ఏమిటి అన్నీ రాస్తారనీ చెప్పావు. తప్పులు పంచిపెట్టే సిగ్గులేని వృత్తి అని నవ్వబోయాను, నవ్వు రాలేదు. మా వృత్తిలో గోడకు ఇత్తడి పలక మీద పేరు చెక్కుతారు, తప్పుల పట్టీ మాత్రం వేయరు. నా పేరు ఆ లైబ్రరీ గుమ్మం పక్కనే ఉంది.

నిన్న, బుధవారం, పొద్దున్నే సొరుగు తెరిచాను. రూడీ కాఫీ కప్పుతో చూస్తూ నిలబడ్డాడు. "చివరికి తీశావా" అన్నాడు, అంతే. లోవెల్ వచ్చేసరికి కాగితం అతని బల్ల మీద పెట్టి పక్కన నిలబడ్డాను. చదివాడు. వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ చదివాడు.

"ఇది ఎక్కడ దొరికింది?"

"దొరకలేదు. అక్టోబరు నుంచి నా దగ్గరే ఉంది. టిక్కు నాది, సంతకం నాది. నీకు ఇందులో సంబంధం లేదు."

"అక్టోబరు నుంచా?" అన్నాడు. కాగితం కింద పెట్టి, "నిన్న నా ఉత్తరం దిద్దారు మీరు" అన్నాడు.

"దిద్దాను."

తిడతాడనుకున్నాను. "నా కూతురు కూడా వెళ్తుంది ఐలీ గారూ, ఆ కథలకి. ఈ రెండు వారాలూ ఇంట్లోనే ఉంచాను. తక్కిన పిల్లల సంగతి మిమ్మల్ని నమ్మి ఊరుకున్నాను" అని, ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "మీరే చెయ్యండి."

చేశాను. మార్లిస్ పది గంటలకల్లా పిల్లలని అగ్నిమాపక కేంద్రానికి నడిపించుకెళ్ళింది. వాళ్ళు ఎర్ర లారీ పక్కన కూర్చుని కథ విన్నారట, ఇక ఎప్పుడూ అక్కడే కావాలంటున్నారట. మధ్యాహ్నానికి జిల్లా అధికారి వచ్చి రెండు అంతస్తులూ మూయించాడు. సోమవారం కింద స్తంభాలు నిలబెట్టి, పత్రికలు దించుతారు. లైసెన్సు బోర్డుకు నా పేరుతో ఉత్తరం రాసి పోస్టు చేశాను. వాళ్ళు ఏం చేస్తారో తెలియదు, ఏం చేసినా వాదించను. ఇన్నేళ్ళూ లోవెల్‌కు కాఫీ పోసేది నేనే. ఇవాళ అతని కాఫీ అతనే పోసుకున్నాడు. అది నాకు లైసెన్సుకన్నా బరువుగా ఉంది.

బడిలో నన్ను మాట్లాడనిస్తారో లేదో. నన్ను వద్దంటే, నాలుగో ప్రశ్నకు ఇది చదువు. మీ పద్ధతిలోనే రాశాను, తప్పులుంటే దిద్దు.

తప్పుల పట్టీ. ఐలీ హౌతాలా.
ఒకటో తప్పు: తనది కాని లెక్కకు తానే జవాబు చెప్పింది.
ఎవరికి దెబ్బ: కింది గదిలో కూర్చునే పిల్లలకు. లోవెల్ బ్రాటెన్‌కు.
తప్పించుకునే దారి: లేదు. అయిదు నెలలు వెతికాను.
ముందు ఎవరికి చెప్పాలి: కింద కూర్చున్నవాళ్ళకు. నేను వాళ్ళకు చివర చెప్పాను.

ఆ ప్రశ్న రాసింది నువ్వేనా కాదా అన్నది వచ్చే ఉత్తరంలో నిజం చెప్పు. నువ్వే అయితే కోపం లేదు. నాడీన్ దగ్గు సంగతి మర్చిపోకు.

ఇట్లు,
ఇన్నేళ్ళూ ఆ టిక్కును మనసులో నీ హారన్ మీదికి నెట్టినదీ, నువ్వు కారులో చప్పుడు చేయకుండా కూర్చున్నా ఆ రోజు ఆ గడిలోనే పెట్టి ఉండేదీ అయిన
నీ అక్క,
ఐలీ