పచ్చివాసన

మార్చి 9, మంగళవారం, మధ్యాహ్నం

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. ఇక్కడ మీ అక్కా నేనూ క్షేమం. పందులు క్షేమంగా లేవు కాబట్టి మిగతా మర్యాదలు పక్కనపెట్టి విషయానికి వస్తున్నాను.

దాణా లారీ రావడం ఆగిపోయినప్పుడు సోయా గింజలు పెట్టమన్నది నువ్వు. మీ నూనె మిల్లు నుంచి బస్తాలు పంపిందీ నువ్వే. వేయించి, పొడి కొట్టి, మూడు వంతుల మొక్కజొన్నకు ఒక వంతు కలపమన్నావు. అలాగే చేశాం. ఫలితం విను.

కొట్టంలో పాలు మాన్పించిన పిల్లలు ఇరవై ఆరు. ఐదు వారాలు గడిచాయి. పోయిన ఈత పిల్లలు ఈ వయసుకు ఇరవై కిలోలు తూగాయి. నిన్న వీటిని తూచాను. పన్నెండు దాటింది ఒక్కటీ లేదు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. విరేచనాలు ఆగడం లేదు. తల్లి పందులు మాత్రం అదే మేత తిని నిక్షేపంగా ఉన్నాయి.

పశువైద్యుడు వచ్చి చూశాడు. నులిపురుగులు లేవన్నాడు. పెద్దవి తట్టుకుంటాయట, సోయాలో పచ్చి ఉంటే చిన్నవాటికి ఒంటబట్టదట. సరిగ్గా వేగుతున్నాయా అని అడిగాడు. వేయించేది నేనేనన్నాను. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డవాడిని! పచ్చివాసన పోయి కమ్మటి వాసన రాగానే దించాలని నువ్వు ఫోన్లో నాకు పాఠం చెప్పినప్పుడే ఒళ్లు మండింది. అడుగంటకుండా చూసుకో అని కూడా అన్నావు, నేనేదో మూకుడు పట్టడం తెలియని వాడినైనట్టు.

కాబట్టి గింజల్లోనే లోపం ఉంది. నువ్వు పాతవో, పుచ్చువో కలిపి అంటగట్టావు. అదే సరుకు తిని మీ మిల్లు మేస్త్రీ పందులు బలిశాయని మీ అక్కతో అన్నావట. ఆయన పందులు నీకు సాక్ష్యం చెప్పాయా?

మీ అక్క నీ పక్షమే. ఆ గింజలు చేలో మొలిపించింది కూడా మా తమ్ముడేనా అని దెప్పింది. నీ ఫోన్ ఎత్తొద్దన్నాను. ఎత్తడం లేదు. నాతోనూ మాట్లాడటం లేదు. కంచం పెట్టి అవతలికి వెళ్లిపోతోంది. ఈ పిల్లలు నిలవకపోతే కొట్టం మూసేద్దాం, నేను కుట్టుపనికి పోతాను అని నిన్న గోడతో చెప్పింది. తొమ్మిదేళ్లు తన చేతులతో కడిగిన కొట్టం అది. నీవల్లే ఇదంతా.

ఇకమీదట నీ బస్తాలూ వద్దు, నువ్వూ రావద్దు.

ఇట్లు,
నిన్ను నమ్మి చెడిన
మీ బావ

తా.క. ఉత్తరం ముగించి సంతకం చేస్తుండగా మీ అక్క పరుగెత్తుకొచ్చింది. వీధిలోకి కొడుతోంది మాడు వాసన, పక్కనే కూర్చుని ముక్కు ఏ సంతలో అమ్ముకున్నావయ్యా అని అరిచింది. వారం తర్వాత నాతో అన్న మొదటి మాట అది. స్టవ్ మీద పాలు నా మోచేతికి రెండడుగుల దూరంలో నల్లగా మాడిపోయాయి.

నాకు తెలియలేదు. డిసెంబరులో జ్వరం తగ్గినప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు. పోనీలే, అదే తిరిగొస్తుందనుకున్నాను. మూకుడు దగ్గర రంగు చూసి, అంచనా వేసి దించేస్తున్నాను. పశువైద్యుడు అడిగినప్పుడే అనుమానం వచ్చింది. అయినా ఒప్పుకోలేక నీ మీద పడ్డాను.

ఇందాకే నేను వేయించి దించిన గింజ ఒకటి నమిలాను. కరకరలాడలేదు. పచ్చిది.

పైన రాసింది కొట్టేయడం లేదు. ఎంతెంత మాటలన్నానో నువ్వు చూడాలి. ఆదివారం రా. నేను గరిటె తిప్పుతాను, ఎప్పుడు దించాలో నువ్వు చెప్పు. మీ అక్కకు ఇంకా నోటితో చెప్పలేకపోయాను. కవరు అంటించకుండా, పోస్టులో వేయమని ఆమె చేతికే ఇస్తున్నాను.