ఒక్కసారి తిరిగే టేపు

మార్చి 4, సోమవారం

అక్క బీరువా సర్దుతుంటే అడుగు అరలో మా పెళ్లి క్యాసెట్ దొరికింది. దాన్ని పారేశారని ముప్పై ఏళ్లుగా మా ఆయన్ని తిడుతున్నాను. పాపం, ఆయన తప్పేం లేదు. ఆ సంగతి ఆయనకింకా చెప్పలేదు.

ఇందులో నా గొంతుంటుంది కదూ అని అక్క రాసి చూపించింది. గొంతు ఆపరేషనయి రెండేళ్లు. అప్పట్నుంచీ ఆవిడ మాటలన్నీ రాతలోనే. నోట్‌బుక్కు, పెన్సిలు, రబ్బరు ఒక చిన్న సంచీలో వేసి మెళ్లో తగిలించుకుంటుంది. నోరు జారితే చెరుపుకునే సౌకర్యం లోకంలో తనకొక్కదానికే ఉందట.

ఇరవై ఆరేళ్లు బస్టాండులో అనౌన్సర్‌గా చేసింది. ఊరంతా విన్న గొంతు. ఒక్క రికార్డింగు లేదు, అంతా మైకులో లైవే. రోజూ పరాయివాళ్ల వీడియోలు కోసి అతికే నా దగ్గర కూడా లేదు. సిగ్గేసింది.

మార్చి 6

వీసీఆర్ మెకానిక్ అక్కింటికే వచ్చాడు. డైనింగ్ టేబుల్ మీద గుడ్డ పరిచి క్యాసెట్ విప్పాడు. టేపు అంచంతా బూజు. రెండు గంటలు తుడిచాడు. ఒక్కసారి తిరుగుతుంది, రెండోసారికి నా పూచీ లేదు అన్నాడు. తన వీసీఆర్ ఒకటి అక్క దగ్గరే వదిలి వెళ్లాడు.

ఒక్కసారి.

మార్చి 7, ఉదయం 11

టేపుని కంప్యూటర్‌లోకి దేనితో క్యాప్చర్ చెయ్యాలి? నా ఎక్స్‌టర్నల్ బాక్సు ఉంది. సబ్బుబిళ్లంత. ల్యాప్‌టాప్‌కి వైరు తగిలిస్తే చాలు, ఎక్కడికైనా సంచీలో పడేసుకుపోవచ్చు. ఇంటర్నల్ కార్డయితే పెద్ద కంప్యూటర్ విప్పి లోపల బిగించాలి. ఇక ఆ కంప్యూటర్ ఎక్కడుంటే అదీ అక్కడే.

మా ఆయన్నడిగాను. రెండూ తెచ్చేది బొమ్మే కదా అన్నారు. అడగడం నాదే బుద్ధి తక్కువ.

మార్చి 9

కార్డు తెచ్చేశాను. పెట్టి చూశాను. ఎవరిదో స్కూలు వార్షికోత్సవం టేపు గంటది ఉంటే, ముందు బాక్సుతో, తర్వాత కార్డుతో ఎక్కించాను.

బాక్సు పది నిమిషాలు బుద్ధిగానే ఉంది. తర్వాత ల్యాప్‌టాప్ ఏదో పనిలో పడినప్పుడల్లా ఫ్రేములు మింగడం మొదలెట్టింది. మొత్తం నూట పన్నెండు. నలభయ్యో నిమిషానికి ఉపన్యాసమిస్తున్న హెడ్మాస్టరు పెదాలు ఒక దారి, మాట ఒక దారి. కార్డులో? సున్నా. ఒక్క ఫ్రేమూ పోలేదు.

మామూలు టేపయితే మళ్లీ తిప్పుతాను, లేదా ఎడిటింగ్‌లో జరిపి అతికిస్తాను. ఇన్నేళ్లూ అలాగే నెట్టుకొచ్చాను. కానీ మింగేసిన ఫ్రేముని ఏ ఎడిటరూ కక్కించలేడు. అక్క గొంతులో ఒక్క ముక్క పోయినా నన్ను నేను క్షమించుకోను. కార్డే. అయిపోయింది.

మార్చి 10

అయిపోలేదు. క్యాసెట్ ఇమ్మంటే అక్క ఇవ్వనంది. గడప దాటడానికి వీల్లేదట. అయితే నువ్వే క్యాసెట్ పట్టుకుని మా ఇంటికి రా అన్నాను. మోకాళ్లు చూపించింది. తనుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, డాక్టరు దగ్గరికి దిగడమే గగనం. నిజమే.

అయినా నాకు ఒళ్లు మండింది. నామీద ఆ మాత్రం నమ్మకం లేదా, నేనేమైనా ఎత్తుకుపోతానా అని అరిచాను. చాలాసేపు రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. నా గొంతు నేను లేకుండా ఎవరూ వినకూడదు, ఎలా ఉండేదో నాకే గుర్తు లేదు అని.

టీ తాగి వచ్చేశాను. దారంతా ఏడుపు.

మార్చి 11

అక్క రాదు. టేపు రాదు. కంప్యూటరే పోతుంది.

మార్చి 13, సాయంత్రం

పెళ్లినాడు కూడా మా ఆయన నన్నింత జాగ్రత్తగా పట్టుకోలేదు. ఆటోలో కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. మానిటర్ నా ఒళ్లో. మూడంతస్తులు. ప్రతి మలుపులోనూ ఆగి, అరచేతిలో పట్టే ఆ బాక్సుకేం వచ్చింది రోగం అని ఆయన సణుగుడు. ఎందుకైనా మంచిదని అదీ సంచీలో వేసుకొచ్చానని చెప్తే మెట్ల మీదే కూలబడేవారు.

అన్నీ తగిలించి ఆన్ చేశాను. కార్డు లేదంటుంది. కంప్యూటర్‌కి కార్డే కనపడటం లేదు! మళ్లీ ఆన్ చేశాను. లేదు. తప్పు నాదే. బల్ల మీద కదలకుండా ఉండేదానికి ఎందుకులే అని కార్డు స్క్రూ బిగించలేదు. మెట్ల కుదుపులకి ఊడి కూర్చుంది. తీసి మళ్లీ గుచ్చాను. అయినా లేదు.

అక్క నా సంచీలో బాక్సు చూసేసింది. దీనితో కానిచ్చెయ్యి, ఎంతొస్తే అంతే అని రాసింది. మా ఆయన నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను. ఒక్క క్షణం నాకూ చెయ్యి అటే పోయింది. అబద్ధమెందుకు?

మెకానిక్‌కి ఫోన్ చేశాను. కార్డు తియ్యమ్మా, అడుగున బంగారు రంగు పళ్లుంటాయి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ గుచ్చు, టక్కుమనే దాకా నొక్కు అన్నాడు. అతను స్పీకర్లో చెప్తుండగానే అక్క మెళ్లో సంచీలోంచి రబ్బరు తీసింది. నా చేతికివ్వలేదు. నేను కార్డు పట్టుకుంటే తనే రుద్దింది. గుచ్చాను. టక్. స్క్రూ బిగించాను, రెండుసార్లు.

కార్డు కనపడింది.

ఇక ఎవరూ కదలకూడదని చెప్పి ప్లే నొక్కాను. నా కళ్లు బొమ్మ మీద లేవు, పోయిన ఫ్రేముల లెక్క మీదే ఉన్నాయి. సున్నా. సున్నా. అంచుల్లో చారలు, మధ్యలో బొమ్మ బాగానే ఉంది. ఏడో నిమిషంలో, కెమెరా వెనకనుంచి, గది దద్దరిల్లేలా అక్క గొంతు. పెళ్లికూతురికి విజ్ఞప్తి. పెళ్లికూతురు ఎక్కడున్నా వెంటనే భోజనాల దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాము. అచ్చం బస్టాండులోలాగే. టేపులో జనం పడీ పడీ నవ్వారు.

అప్పుడు అక్కవైపు చూశాను. కుర్చీలో నిటారుగా కూర్చుంది. పెదాలు కదుపుతోంది. ప్రతి మాటా, గొంతుతో పాటే. ఒక్క ఫ్రేము తేడా లేదు.

యాభై రెండు నిమిషాలు. చివరిదాకా సున్నా.

ఎలా ఉంది అనడిగాను. గొంతు కాస్త ఎక్కువే పెంచేదాన్ని అని రాసింది. తర్వాత అది చెరిపేసి, బాగుంది అని రాసింది.

మార్చి 14

అలవాటు చొప్పున రివైండ్ నొక్కారట మా అక్కగారు. టేపు పుటుక్కుమంది. ఏం పర్లేదని నవ్వుతున్న మొహం గీసి పంపింది.

మార్చి 20

అక్క ఆర్డరు వేసింది. పెళ్లి వీడియో మొత్తం వద్దట. తన మాట ఉన్న చోటల్లా కోసి, దేనికది విడిగా తన ఫోన్లో వెయ్యాలట. పదకొండు ముక్కలొచ్చాయి. అందులో తొమ్మిది నన్ను తిట్టినవే. ఎందుకే ఇవి అంటే నీకెందుకు అని రాసింది.

క్యాసెట్ ఎక్కడ దొరికిందో మా ఆయనకి చెప్పేశాను. ముప్పై ఏళ్ల తిట్లు వాపసు కావాలంటున్నారు.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం 2:40

ఎడిటింగ్‌లో పడి అన్నం సంగతే మర్చిపోయాను. ఒంటిగంటకల్లా తిన్నానని అక్కకి మెసేజ్ పెట్టడం రోజూ ఉండేదే. ఇవాళ పెట్టలేదు. ఫోన్ మోగింది. అక్క. మాట్లాడలేని మనిషి ఫోనేమిటి? ఎత్తాను.

పెళ్లికూతురికి విజ్ఞప్తి.

లేచి వెళ్లి కంచం పెట్టుకున్నాను.