పిలిస్తే తిరిగి చూడనివాడా

తమ్ముడూ సత్తిబాబూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చదవవని తెలిసే రాస్తున్నాను. నువ్వు ఉయ్యాల ఊపిన మన మనవరాలికి మూడేళ్ళొచ్చినా మాటలు రాలేదు. పిలిస్తే తిరగదు, కళ్ళలోకి చూడదు, మిక్సీ మోగితే చెవులు మూసుకుంటుంది. వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాస్తే అదే మాట్లాడుతుందని కోడల్ని కసిరాను. కోడలు నా మాట వినకుండా పిల్లని తీసుకుని అమలాపురం డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరితే నేనూ వెళ్ళాను.

ఆటిజం లక్షణాలంటూ ఆవిడ ఒక్కొక్కటే అడుగుతుంటే నాకు నువ్వే కనిపించావు. చెట్ల మీంచి దింపు తీసిన కొబ్బరికాయల్ని తొడిమలన్నీ ఒకే వైపుకి తిప్పి వరసగా పేర్చేవాడివి. ఎంత అందంగా ఉండేదిరా ఆ వరస! ఒక్క కాయ కదిపితే గోలగోలగా ఏడ్చేవాడివి. మొండితనమని చింతబరికెతో కొట్టింది నేనే. మర్నాడు మళ్ళీ నా వెనకాలే తోటకి వచ్చేవాడివి.

"మీ ఇంట్లో ఇలాంటివారు ఇంకెవరైనా ఉన్నారాండీ?" అందావిడ.

చుట్టాలొస్తే పరువు పోతుందని నిన్ను కొబ్బరికాయల కొట్టుగదిలో కూర్చోబెట్టిన ఇల్లు మనది. కోడలు నా వంక చూసింది.

"ఆయ్, ఉండేవాడండీ. మా తమ్ముడు."

"ఆయన్నెలా చూసుకునేవారండీ?"

"అది అడక్కండమ్మా. దీన్నెలా చూసుకోవాలో చెప్పండి," అన్నాను.

మీ అన్న